మలేషియాలో ఫ్రీలాన్స్ సోషల్ మీడియా నిర్వహణ

క్లాంగ్‌లో చీరల కొట్టు, ఇపోలో కాఫీ హోటలు, కోట భారులో ఇంట్లోనే సంబల్ అనే మిరప పచ్చడి తయారుచేసి సీసాల్లో అమ్మే గృహిణి. ఇలాంటి వారికి సొంతంగా ప్రకటనల విభాగం పెట్టుకునే స్తోమత ఉండదు. కొనేవాళ్లేమో ఫోనులో ఉన్నారు. ఆ ఫోనులో దుకాణం కనబడేలా చూడటం, ఫొటోలు, వీడియోలు తీసి పెట్టడం, అర్ధరాత్రి వచ్చిన ‘ధర ఎంత’ అనే ప్రశ్నకు తెల్లారేసరికి జవాబివ్వడం, యాడ్‌లకు పెట్టిన డబ్బు ఎటు పోయిందో నెలాఖరుకు లెక్క చెప్పడం ఎవరో ఒకరు చేయాలి. ఆ పనిని ఉద్యోగిగా కాక, నెలవారీ ఒప్పందం మీద నలుగురైదుగురు యజమానులకు ఒకేసారి చేసిపెట్టేవారే ఫ్రీలాన్స్ సోషల్ మీడియా నిర్వాహకులు.

మలేషియాలో ఈ వృత్తికి ప్రత్యేకమైన పరీక్ష గానీ లైసెన్సు గానీ లేదు. ఎవరైనా మొదలుపెట్టవచ్చు. నిలబడేవారికీ మధ్యలో వదిలేసేవారికీ తేడా వచ్చేది మాత్రం వీడియో ఎడిటింగ్ దగ్గర కాదు. నాలుగు భాషలు, మూడు నాలుగు మతాల పండుగలు, చిన్న వ్యాపారులకు సైతం వర్తించే కఠినమైన ప్రకటనల చట్టాలు ఉన్న దేశమిది. వాటిని ఎరిగి పనిచేయడమే ఇక్కడి అసలు నైపుణ్యం.

ఎలా మొదలైంది

దేశ జనాభా దాదాపు 3.4 కోట్లు. నూటికి 95 మందికి పైగా ఇంటర్నెట్ వాడుతున్నారు. వ్యాపార సంస్థల్లో సుమారు 97 శాతం సూక్ష్మ, చిన్న, మధ్య తరహావే, అందులోనూ సూక్ష్మ వ్యాపారాలదే సింహభాగం. ఏడాది అమ్మకాలు 3 లక్షల రింగిట్‌లకు లోపు ఉన్నా, పనిచేసేవారు అయిదుగురి కంటే తక్కువున్నా మలేషియా లెక్కలో అది సూక్ష్మ వ్యాపారం. ఫ్రీలాన్సరుకు దొరికే మొదటి క్లయింట్లు చాలావరకు ఈ వర్గంవారే.

ప్రభుత్వం ఈ రంగాన్ని ముందే గుర్తించింది. 1996లో ఏర్పడి, ఇప్పుడు మలేషియా డిజిటల్ ఎకానమీ కార్పొరేషన్ పేరుతో నడుస్తున్న ఎండెక్ సంస్థ 2015లో ‘ఈ-రెజెకి’ కార్యక్రమం తెచ్చింది. తక్కువ ఆదాయం గల బి40 కుటుంబాలవారు ఆన్‌లైన్ పనులతో సంపాదించుకునేలా శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్ అమ్మకాలు నేర్పే ‘ఈ-ఉసహావన్’, అంతర్జాతీయ వేదికల మీద ఫ్రీలాన్సర్లుగా తీర్చిదిద్దే ‘గ్లో’ కూడా ఆ కాలంలో వచ్చినవే. ఒక పక్క అమ్మేవాళ్లకు, మరో పక్క ఆ అమ్మకానికి సాయపడేవాళ్లకు ఒకే సంస్థ శిక్షణ ఇవ్వడం మంచి ఆలోచన.

అసలు మలుపు 2020 మార్చి 18. కరోనా కారణంగా దేశమంతటా రాకపోకల నియంత్రణ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు అది. రాత్రికి రాత్రి దుకాణాలు మూతపడ్డాయి. అప్పటిదాకా ఫేస్‌బుక్ పేజీని పెళ్లి ఫొటోల ఆల్బమ్‌లా వాడిన వ్యాపారులు ఆర్డర్లు తీసుకునే కౌంటర్‌గా మార్చుకోక తప్పలేదు. ఆ జూన్‌లో ప్రకటించిన ‘పెంజానా’ ఆర్థిక ప్యాకేజీలో ‘గ్లో’ కార్యక్రమానికి 2.5 కోట్ల రింగిట్‌లు కేటాయించారు.

ఆ ఏడాదే పేరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుత్ నుంచి ఒక తమిళ జంట దేశానికంతటికీ పరిచయమైంది. తోటల్లో పనిచేసే కుటుంబానికి చెందిన పవిత్ర, ఆమె భర్త సుగు తమ వంటింట్లోంచి యూట్యూబ్‌లో వంట వీడియోలు పెట్టారు. ఖరీదైన కెమెరా లేదు, స్టూడియో లేదు. పవిత్ర మాట్లాడింది తమిళంలో కాదు, తేటైన మలయ్‌లో. కొద్ది నెలల్లోనే లక్షల మంది ఆ ఛానల్‌కు చేరారు. అప్పటి ప్రధాని ముహ్యిద్దీన్ యాసిన్ ఒక ప్రసంగంలో వారిని ప్రస్తావించారు. ఎవరితో మాట్లాడాలో ముందు తేల్చుకుని, వారి భాషలో మాట్లాడితే ఏమవుతుందో చెప్పడానికి మలేషియాలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

వంటల వీడియోలు చేసే ఖైరుల్ అమింగ్‌ది వేరే తీరు. రంజాన్ నెలలో రోజుకో వంటకం చొప్పున ముప్పై రోజులు చిన్న వీడియోలు పెట్టి ముందుగా జనాన్ని సంపాదించుకున్నాడు. 2021లో ‘సంబల్ న్యెత్’ పేరుతో సొంత సరుకు మార్కెట్లోకి తెచ్చేసరికి కొనేవారు సిద్ధంగా ఉన్నారు. ప్రతి చిన్న వ్యాపారీ అలాంటి విజయాన్నే ఆశిస్తూ ఫ్రీలాన్సరు దగ్గరికి వస్తాడు. ఏళ్ల తరబడి పండిన పంటను మూడు నెలల ఒప్పందంలో కోయలేమని మొదటి సమావేశంలోనే మర్యాదగా చెప్పగలిగినవారికి తర్వాత తలనొప్పులు తగ్గుతాయి.

నెలంతా చేసే పని

బయటివారికి కనిపించేది పోస్టు మాత్రమే. దాని వెనుక మరో నాలుగింతలు పని ఉంటుంది. నెల మొదట్లో ఏ రోజు ఏం పెట్టాలో పట్టిక వేసుకోవాలి. దుకాణానికి వెళ్లి ఒకే పూటలో రెండు మూడు వారాలకు సరిపడా ఫొటోలు, వీడియోలు తీసుకోవాలి. రాత, డిజైన్ అయ్యాక యజమానికి వాట్సాప్‌లో పంపి ఆమోదం తీసుకోవాలి. పోస్టు పడ్డాక వచ్చే వ్యాఖ్యలు, సందేశాలు చూసుకోవాలి. ఏ యాడ్‌కు ఎన్ని సందేశాలు వచ్చాయో, అందులో ఎన్ని అమ్మకాలయ్యాయో నెలాఖరుకు ఒక పేజీలో రాసివ్వాలి.

మలేషియాలో చిన్న వ్యాపారం తుది గమ్యం చాలాసార్లు వెబ్‌సైటు కాదు, వాట్సాప్. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో యాడ్ చూసినవారు ఒక మీట నొక్కి నేరుగా దుకాణం వాట్సాప్‌కు వస్తారు. బేరం అక్కడే, డబ్బు డ్యూట్‌నౌ క్యూఆర్ ద్వారా, సరుకు కొరియర్‌లో. అందుకే పోస్టు ఎంత బాగున్నా వాట్సాప్‌లో రెండు గంటలు జవాబు లేకపోతే యాడ్ డబ్బు వృథా. ఆ జవాబులు ఎవరిస్తారు, యజమానా, ఫ్రీలాన్సరా, ఎన్ని గంటల వరకు అన్నది ఒప్పందంలో రాసుకోకపోతే తగవు ఖాయం.

టిక్‌టాక్ షాప్ 2022లో మలేషియాకు వచ్చాక పని ఇంకొంచెం మారింది. వీడియో కిందే కొనుగోలు మీట ఉంటుంది, ప్రత్యక్ష ప్రసారం పెట్టి గంటల తరబడి సరుకు అమ్మవచ్చు. దుస్తులు, సౌందర్య సాధనాలు, తినుబండారాలు అమ్మేవారు ఇక్కడికి చేరారు. ఫ్రీలాన్సరు ప్రసారానికి ఏర్పాట్లు మాత్రమే చేస్తాడా, కెమెరా ముందు తనే కూర్చుని అమ్ముతాడా అన్నదాన్ని బట్టి రుసుము మారాలి. రెండూ ఒకే ధరకు ఒప్పుకున్నవారు త్వరగా అలసిపోతారు.

కొత్తవారు తరచూ నిర్లక్ష్యం చేసే విషయం ఖాతాల యాజమాన్యం. పేజీ, యాడ్ ఖాతా, చెల్లింపు కార్డు మూడూ యజమాని పేరుతోనే ఉండాలి. ఫ్రీలాన్సరు ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా ఇచ్చే ‘మెటా బిజినెస్’ ద్వారా అనుమతి తీసుకుని పనిచేయాలి తప్ప పాస్‌వర్డు చేతులు మారకూడదు. సొంత కార్డుతో యాడ్‌లు నడిపి తర్వాత వసూలు చేసుకుందామనుకుంటే మొదటి నెల బాకీతోనే పెట్టుబడి ఇరుక్కుపోతుంది. పైగా ప్రకటన ధర మీద సేవా పన్ను పడుతుంది. విదేశీ డిజిటల్ సంస్థల సేవలపై 2020 జనవరి 1న 6 శాతంతో మొదలైన ఆ పన్ను 2024 మార్చి నుంచి 8 శాతమైంది. వెయ్యి రింగిట్‌ల యాడ్‌కు 1,080 అవుతుందని యజమానికి ముందే చెప్పాలి.

పాటల సంగతి కూడా అంతే. సొంత ఖాతాలో వాడుకునే సినిమా పాటను వ్యాపార ఖాతాలో వాడటానికి హక్కు ఉండదు. వ్యాపార వాడకానికి అనుమతించిన సంగీతం ఆయా వేదికల్లో విడిగా దొరుకుతుంది, దానికే కట్టుబడాలి.

నాలుగు భాషలు, ఒకటే క్యాలెండర్

హైదరాబాదులో ఒక దుకాణానికి పేజీ నడపడానికీ కౌలాలంపూర్‌లో నడపడానికీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఒకే వీధిలో మలయ్, మాండరిన్, ఇంగ్లీషు, తమిళం వినబడతాయి. బ్రిక్‌ఫీల్డ్స్ లిటిల్ ఇండియాలో పూలు అమ్మే కొట్టుకు తమిళం, ఇంగ్లీషు చాలు. అదే వీధిలోని అరిటాకు భోజన హోటలుకు మలయ్ వారు, చైనీయులు కూడా వస్తారు కాబట్టి రాత మలయ్, ఇంగ్లీషుల్లో ఉండాలి. ఒకే పోస్టులో నాలుగు భాషలూ కుక్కితే ఎవరూ చదవరు. భాషకో యాడ్ వేసి, ఫోనులో ఆ భాష వాడేవారికి చూపించడం మేలు.

మెటా సంస్థ 2022 జనవరిలో జాతి, మతం, రాజకీయ అభిప్రాయాల వంటి సున్నితమైన విషయాలకు ముడిపడిన ఆసక్తుల ఆధారంగా ప్రకటనలు చూపే వీలును తొలగించింది. అప్పటినుంచి మలేషియా ప్రకటనకర్తలకు ఊరు, వయసు, భాష మరింత ముఖ్యమయ్యాయి. మూడు భాషల్లో సహజంగా రాయగలవారి విలువ ఆ మేరకు పెరిగింది. కృత్రిమ మేధ పనిముట్లు మలయ్‌లో చకచకా రాసిస్తాయి గానీ అందులో ఇండోనేషియా మాటలు దొర్లుతుంటాయి. స్థానికులు చూడగానే పట్టేస్తారు, దుకాణం పరాయిదిగా అనిపిస్తుంది. పోస్టు చేసే ముందు ఆ ఊరి మనిషి ఒక్కసారి చదవాలి.

పండుగల పట్టిక ఈ వృత్తికి వెన్నెముక. చైనీయుల కొత్త సంవత్సరం, రంజాన్, ఆ ఉపవాసాల చివర వచ్చే హరి రాయ, దీపావళి, క్రిస్మస్ దేశమంతటికీ పెద్దవి. మే నెలాఖరులో సబాలో కామాతన్, జూన్ మొదట్లో సరవాక్‌లో గవాయ్ అనే పంటల పండుగలు వస్తాయి. దీపావళి సరవాక్‌లో తప్ప మిగతా దేశమంతా ప్రభుత్వ సెలవు, కాబట్టి ‘దీపావళి సెలవుల ఆఫర్’ అని సరవాక్ రాజధాని కూచింగ్ వారికి యాడ్ వేస్తే అర్థం ఉండదు. ఇస్లామీయ క్యాలెండర్ ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 2026లో చైనీయుల కొత్త సంవత్సరం, రంజాన్ ప్రారంభం ఒకే వారంలో పడ్డాయి. నిరుటి పట్టికను తేదీలు మార్చి వాడేసుకునే అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది.

రంజాన్ నెలలో రోజంతా లయ మారిపోతుంది. సాయంత్రం ఉపవాసం విడిచే ముందు, రాత్రి ప్రార్థనల తర్వాత, తెల్లవారుజామున భోజనం వేళ జనం ఫోను చూస్తారు. మధ్యాహ్నం పెట్టిన పోస్టుకు ఇతర నెలల్లో వచ్చిన స్పందన రాకపోవచ్చు. రాయ దుస్తులు, పిండివంటల ఆర్డర్లు పండుగకు వారాల ముందే మొదలవుతాయి కనుక పండుగ శుభాకాంక్షల పోస్టు కంటే ఆర్డరు గడువు చెప్పే పోస్టే దుకాణానికి ఎక్కువ అవసరం. దీపావళికి మురుకులు, చీరలు అమ్మేవారికీ ఇదే సూత్రం. ఇక జీతాలు పడే నెలాఖరు వారం, 11.11, 12.12 లాంటి ఆన్‌లైన్ అమ్మకాల రోజులు ఏ మతానికీ చెందని పండుగలు.

గీత దాటితే

వ్యాపారి అడిగాడని రాసేసిన ఒక్క మాట ఇద్దరినీ ఇబ్బందిలో పడేయగలదు. అందుకు మొదటి ఉదాహరణ హలాల్. 2011లో వచ్చిన వ్యాపార వివరణల చట్టం, దాని కింది ఉత్తర్వుల ప్రకారం ఇస్లామిక్ అభివృద్ధి శాఖ జాకిమ్ లేదా రాష్ట్ర ఇస్లామిక్ మత మండలి ధ్రువపత్రం లేని ఆహారాన్ని హలాల్ అని వర్ణించకూడదు, ఆ ముద్ర వాడకూడదు. తప్పుచేసిన వ్యక్తికి లక్ష రింగిట్‌ల వరకు జరిమానా, మూడేళ్ల వరకు జైలు లేదా రెండూ పడవచ్చు. యజమాని ముస్లిం అయినా, వంటలో పంది మాంసం లేకపోయినా ధ్రువపత్రం లేకుండా ఆ మాట వాడే వీల్లేదు. కొత్త హోటల్ క్లయింటు దగ్గరికి వెళ్లినప్పుడు అడగాల్సిన మొదటి కాగితం ఇదే.

రెండోది ఆరోగ్యం. మూలికల పానీయాలు, బరువు తగ్గించే పొడులు, ముఖం తెల్లబరిచే క్రీములు మలేషియా ఆన్‌లైన్ మార్కెట్లో కుప్పలు తెప్పలు. చక్కెర వ్యాధి, క్యాన్సర్ వంటివి నయమవుతాయని ప్రచారం చేయడాన్ని 1956 నాటి మందుల ప్రకటనలు, అమ్మకాల చట్టం నిషేధిస్తుంది. ‘వాడినవారి అనుభవం’ పేరుతో చెప్పినా తప్పు తప్పే. ఇలాంటి క్లయింటును వదులుకోవడం నష్టమేమీ కాదు.

మూడోది మలేషియన్లు ‘త్రీ ఆర్’ అని పిలుచుకునే వ్యవహారం: జాతి, మతం, రాచరికం. వీటి మీద హాస్యం, ఎత్తిపొడుపు, వైరల్ అవుతుందని వేసే మీమ్ ఏదైనా పోలీసుల దాకా వెళ్లవచ్చు. 1998 నాటి సమాచార, మల్టీమీడియా చట్టంలోని 233వ సెక్షన్ అభ్యంతరకరమైన ఆన్‌లైన్ రాతలకు వర్తిస్తుంది. 2025లో అమల్లోకి వచ్చిన సవరణతో దాని గరిష్ఠ జరిమానా 50 వేల నుంచి 5 లక్షల రింగిట్‌లకు, జైలు ఏడాది నుంచి రెండేళ్లకు పెరిగింది. అదే ఏడాది జనవరి 1 నుంచి దేశంలో 80 లక్షలకు పైగా వాడకందార్లున్న సోషల్ మీడియా, సందేశ వేదికలకు లైసెన్సు నిబంధన తెచ్చారు. అది ఫ్రీలాన్సర్లకు కాదు, వేదికలకే.

కొనుగోలుదారుల ఫోను నంబర్ల జాబితా కూడా చట్టం పరిధిలోదే. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2010లో వచ్చి 2013 నవంబరులో అమలైంది. ఒక క్లయింటు దగ్గరున్న నంబర్లకు మరో క్లయింటు ప్రకటనలు పంపడం చట్టవిరుద్ధం, వృత్తి ధర్మానికీ విరుద్ధం.

కాగితాలు, పన్ను, రుసుము

ప్రభుత్వం దృష్టిలో ఫ్రీలాన్సరు కూడా ఒక చిన్న వ్యాపారే. 1956 నాటి వ్యాపారాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పని మొదలైన 30 రోజుల్లో కంపెనీల కమిషన్ అయిన ఎస్.ఎస్.ఎం. వద్ద నమోదు చేసుకోవాలి. గుర్తింపు కార్డులోని సొంత పేరుతో అయితే ఏడాదికి 30 రింగిట్‌లు, వేరే వ్యాపార నామంతో అయితే 60. పని ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఈ చట్టం ద్వీపకల్ప మలేషియాకు, లబువాన్‌కు వర్తిస్తుంది. సబా, సరవాక్‌లలో స్థానిక వ్యాపార లైసెన్సుల పద్ధతి వేరు. నమోదు పత్రం ఉంటేనే వ్యాపార బ్యాంకు ఖాతా తెరవడం, కాస్త పెద్ద క్లయింట్లకు బిల్లు ఇవ్వడం సులువు.

ఆదాయపు పన్నుకు ఉద్యోగులు బి.ఇ. ఫారం వేస్తే వ్యాపార ఆదాయం ఉన్నవారు బి ఫారం వేయాలి, గడువు జూన్ 30. పన్ను శాఖ సి.పి.500 నోటీసు పంపితే రెండు నెలలకోసారి వాయిదాల్లో ముందస్తుగా కట్టాలి. లెక్కల కాగితాలు ఏడేళ్లు దాచాలి. ఉద్యోగి కాదు కనుక భవిష్య నిధి, ప్రమాద బీమా తనంతట తాను చూసుకోవాలి. భవిష్య నిధి సంస్థ కె.డబ్ల్యు.ఎస్.పి. నడిపే ‘ఇ-సరాన్’లో స్వచ్ఛందంగా పొదుపు చేసేవారికి ప్రభుత్వం ఏటా 500 రింగిట్‌ల వరకు ప్రోత్సాహకం కలుపుతుంది. సామాజిక భద్రతా సంస్థ పెర్కెసోలో 2017 చట్టం కింద స్వయం ఉపాధి బీమా ఏడాదికి 157.20 రింగిట్‌ల నుంచి మొదలవుతుంది. పని మీద బైక్ వేసుకుని దుకాణాల చుట్టూ తిరిగేవారు ఆ మొత్తం గురించి వెనుకాడకూడదు.

రుసుము ఎంత అన్నదానికి దేశమంతటికీ ఒకే ధరల పట్టిక లేదు. చిన్న యజమాని మనసులో పోలిక మాత్రం తెలిసిందే. 2025లో కనీస వేతనం నెలకు 1,700 రింగిట్‌లైంది. ‘ఆ డబ్బుతో ఒక మనిషినే పెట్టుకోవచ్చు కదా బాస్’ అనే మాట వినని ఫ్రీలాన్సరు ఉండడు. దానికి జవాబు ధర తగ్గించడం కాదు, పనిని కొలిచి చూపడం: నెలకు ఎన్ని పోస్టులు, ఎన్ని వీడియోలు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, యాడ్ ఖర్చు ఎవరిది. సగం రుసుము ముందుగా తీసుకోవడం, కనీసం మూడు నెలల ఒప్పందం అడగడం మంచి పద్ధతి. డబ్బు ఎగ్గొడితే 5 వేల రింగిట్‌ల లోపు బాకీకి మేజిస్ట్రేట్ కోర్టులో లాయరు లేకుండానే చిన్న దావా వేయవచ్చు. ఆ దావాకు ఆధారం వాట్సాప్ సందేశాలూ బిల్లులే కాబట్టి నోటిమాట ఒప్పందాన్ని కూడా ఒక సందేశంగా రాసి పంపి ‘సరే’ అనిపించుకోవాలి.

తెలుగువారికి సంబంధించి

బాగాన్ దాతుక్ వైపు కొబ్బరి తోటలకు, కెడా రబ్బరు తోటలకు ఆంధ్ర తీరం నుంచి వెళ్లినవారి సంతతి మలేషియాలో తరాలుగా ఉంది. 1955లో ఏర్పడిన ఆంధ్ర సంఘం నేటి మలేషియా తెలుగు సంఘం. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఇంట్లో తెలుగు, బడిలో మలయ్, ఇంగ్లీషు, ఇరుగుపొరుగుతో తమిళం మాట్లాడే యువతకు ఈ వృత్తిలో పుట్టుకతో వచ్చిన పెట్టుబడి ఉంది. తెలుగు వ్యాపారాలను మాత్రమే నమ్ముకుంటే పని సరిపోదు. ఉగాదికి తెలుగు కుటుంబాలను, దీపావళికి భారతీయులందరినీ, రాయకు ఊరందరినీ పలకరించగల నేర్పు మాత్రం అందరు క్లయింట్లకూ కావాలి. భారతీయ సంతతి వ్యాపారుల కోసం ప్రభుత్వ సంస్థ టెకున్ నడిపే ‘స్పూమి’ రుణ పథకం లాంటివి తీసుకుని కొత్తగా కొట్టు తెరిచినవారు సహజమైన తొలి క్లయింట్లు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఉద్యోగాలపై వెళ్లినవారి పరిస్థితి వేరు. ఉద్యోగ పాస్ ఆ యజమాని దగ్గర ఆ పనికే పరిమితం, పక్కన ఫ్రీలాన్స్ చేయడానికి కాదు. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు ఇస్తున్న 30 రోజుల వీసా రహిత ప్రవేశం సందర్శనకే. ఏక యాజమాన్య వ్యాపారాన్ని పౌరులు, శాశ్వత నివాసులు మాత్రమే నమోదు చేయగలరు. దూరం నుంచి డిజిటల్ పని చేసేవారికి 2022లో మొదలైన ‘డి.ఇ. రంతావ్’ పాస్ ఉంది. సాంకేతిక, డిజిటల్ వృత్తులవారికి ఏడాదికి 24 వేల అమెరికన్ డాలర్ల ఆదాయం చూపాలి. పాస్ మూడు నుంచి పన్నెండు నెలలకు ఇస్తారు, మరో పన్నెండు నెలలు పొడిగించుకోవచ్చు.

ఎనిమిది పది మంది క్లయింట్లు కుదిరాక ఒక్కరే మోయలేని దశ వస్తుంది. ఫొటోలకు ఒకరిని, మాండరిన్ రాతకు ఇంకొకరిని తోడు తీసుకోవడంతో ఫ్రీలాన్సరు చిన్న ఏజెన్సీ అవుతాడు. 2017 జనవరి 31 నుంచి అమల్లో ఉన్న 2016 కంపెనీల చట్టం ప్రకారం ఒకే వాటాదారు, ఒకే డైరెక్టరుతో ‘సెందిరియన్ బెర్హాద్’ ప్రైవేటు కంపెనీ పెట్టవచ్చు. ఎస్.ఎస్.ఎం. రుసుము వెయ్యి రింగిట్‌లు, 30 రోజుల్లో కంపెనీ కార్యదర్శిని నియమించుకోవాలి. ఏటా లెక్కలు దాఖలు చేసే ఖర్చు దానికి అదనం. అందుకే చాలామంది తోడు మనుషులకు పనికి ఇంత అని చెల్లిస్తూ ఏక యాజమాన్యంలోనే కొనసాగుతారు. పెద్ద సంస్థో ప్రభుత్వ శాఖో కాంట్రాక్టు ఇవ్వడానికి కంపెనీ పత్రం అడిగినప్పుడే ఆ అడుగు వేస్తారు.